నాయనమ్మ అంచులో ఏడు గళ్లు

వనపర్తిలో నేను కంప్యూటర్ నేర్చుకున్న గదిలోకి చెప్పులు విప్పి వెళ్లాలి. మందుల దుకాణం పైన, మెట్లెక్కగానే ఎదురుగా ఉండేది ఆ గది. గుమ్మం బయట వరుసగా విడిచిన చెప్పులు చూసి, కింద మందులకు వచ్చినవాళ్లు పైన ఏదో వ్రతం జరుగుతోందనుకునేవారట. లోపల మూడు యంత్రాలు, కిటికీకి ఒక నీలం పరదా, ఒక ఫ్యాను. దుమ్ము పడితే యంత్రాలు పాడవుతాయని మా సార్‌కు భయం. తోటి అమ్మాయిలు ఆ నియమానికి నవ్వుకునేవారు. నాకు మాత్రం వింతగా అనిపించలేదు. గద్వాలలో మా ఇంట్లో మగ్గం గుంటలోకి కూడా ఎవరూ చెప్పులతో దిగరు.

ఇది మూడేళ్ల కిందటి, మా వైపు కంప్యూటర్లు అప్పుడే కొత్తగా వస్తున్నప్పటి సంగతి. అప్పటి డైరీ ముందు పెట్టుకుని రాస్తున్నాను. ఆ రోజుల్లో నేను నోటితో అన్న మాటలకన్నా కాగితం మీద పెట్టిన మాటలే ఎక్కువ. సోమవారం పొద్దున గద్వాలలో బస్సెక్కి, బీచుపల్లి దగ్గర వంతెన మీద కృష్ణ దాటి, పెబ్బేరు మీదుగా వనపర్తి చేరేదాన్ని. వారమంతా మేనత్త ఇంట్లో ఉండి శనివారం సాయంత్రం తిరిగి వచ్చేదాన్ని. సంచిలో సద్ది డబ్బా కింద ఒక లైబ్రరీ పుస్తకం, దాని కింద డైరీ. పక్కన కూర్చున్నవాళ్లు "ఏం చదువుతున్నవ్ బిడ్డా?" అంటే పుస్తకం మూసేసి "కంప్యూటర్" అనేదాన్ని. ఆ తర్వాత మాట పెరగకుండా కిటికీలోంచి బయటికి చూసేదాన్ని.

మా సార్‌ది నాగర్‌కర్నూలు. ఎప్పుడూ ఏదో బస్సు తప్పిపోతున్నట్టు నడిచేవాడు. ఆయన దగ్గర ఒక అగ్గిపెట్టె ఉండేది. అందులో దూది పరిచి, దాని మీద ఒక పాత చిప్పును పడుకోబెట్టాడు. మొదటి రోజు దాన్ని మా అందరి అరచేతుల్లోనూ పెట్టి చూపించాడు. నల్లటి ఒళ్లు, రెండు పక్కలా వెండి కాళ్లు. నాకది జెర్రిలా కనిపించింది. చేయి వెనక్కి లాక్కోబోయి ఆగాను.

"గిదే మిషన్ మెదడు," అన్నాడు సార్. "దీని లోపల వేల మీటలున్నయి. వేస్తది, తీస్తది, గంతే దాని పని. గిది నడక అనుకోండ్రి. ఇప్పుడు పట్నంల కొత్త చిప్పులు వస్తున్నయి, గవి పరుగు. ఇంకొన్ని ఏండ్లకు వచ్చేటివి గాలి. కరెంటు తక్కువ తింటయి, పని ఎక్కువ చేస్తయి. గప్పుడు మిషన్ మనలెక్కనే ఆలోచన చేస్తది. దానికి పేరు గూడ పెట్టిన్రు, కృత్రిమ మేధ అని."

ఆ రోజు డైరీలో ఇలా ఉంది: "మీట వేయడం, తీయడం మగ్గానికీ తెలుసు. అట్టలో కంత ఉంటే పోగు లేస్తుంది, లేకపోతే లేవదు. మరి మగ్గం ఎందుకు ఆలోచించదు? మెల్లగా నడుస్తుందనా? నాన్న ఎంత వేగంగా నేస్తే మగ్గానికి ఆలోచన మొదలవుతుంది?"

గద్వాల చీర అంచులోని పువ్వులన్నీ మగ్గం పైన దండలా వేలాడే అట్టల్లో ఉంటాయి. ఒక్కో అట్ట అంచులో ఒక్కో వరుస. అట్టలకు పడిన కంతలను బట్టి పోగులు లేస్తాయి. ఆ కంతలు ఎక్కడ పడాలో ముందు గళ్ల కాగితం మీద గీస్తారు. దాన్నే గ్రాఫు అంటాం. అందుకే సార్ మాట నాకు సగం తెలిసిన భాషలా వినిపించింది. మిగతా సగం గురించే నా ప్రశ్న. సార్‌ను అడగలేదు. నేను ఎవరినీ ఏమీ అడిగేదాన్ని కాదు.

ఆ ఏడు దసరాకు నెల ముందు నాన్న అటక మీది పెట్టె దింపించాడు. అందులో నాయనమ్మ నేసిన చీర ఉండాలి. ఎలుకలు జానెడు అంచు మాత్రం మిగిల్చాయి. ఆ జానెడులో డిజైన్ ఒక్కసారే పూర్తిగా వచ్చింది, అందులోనూ చాలా చోట్ల కొరికేశాయి. ఆమె గీయించిన గ్రాఫు ఎప్పుడో పోయింది. అట్టలు చెద పట్టాయి. మగ్గం మీదున్న పడుగు నూలు దసరాకు అయిపోతుంది, పూజ అయ్యాక కొత్త డిజైన్ ఎక్కించాలి. ఈసారి తన అమ్మ అంచు ఎక్కించాలని నాన్న కోరిక. ఎన్నేళ్లుగానో మా వీధిలో అన్ని మగ్గాల మీదా ఒకే అంచు నడుస్తోంది.

అట్టలకు కంతలు కొట్టే ఆయన ఆ ముక్క చూసి తల అడ్డంగా ఊపాడట. "కొరికిన దానికి నేను అట్టలు కొట్టలేను. గ్రాఫు నిండ గీసి తెండ్రి, చేస్త," అన్నాడట.

"ఇడ్సిపెట్టన్నా," అన్నాడు చిన్నాయన. ఆయన రెండో మగ్గం మీద నేస్తాడు. "ఎలుక తిన్నదాని కోసం ఎందుకు పరేషాన్ అయితవ్? ఊరంత నేస్తున్నదే మనమూ నేద్దం."

నాన్న ముక్కను తలుపు దగ్గరి వెలుతురుకు ఎత్తి పట్టాడు. కొరికిన చోట్లలోంచి ఎండ ఆయన ముఖం మీద చుక్కలు చుక్కలుగా పడింది.

"మిషన్ నింపుతది," అన్నాను.

గోడ మాట్లాడినట్టు ఇద్దరూ నా వైపు తిరిగారు.

"ఓహో, దీనికి మాటలు గూడ వచ్చునా!" అన్నాడు చిన్నాయన. "ఏం మిషన్? రోజూ చెప్పులిప్పి చూసొస్తవే, గదేనా?"

"అది ఆలోచన చేస్తదంట."

"అయితే ఒక మాట అనుకుందం అన్నా. దసరాకు మిషన్ గ్రాఫు ఇచ్చిందా, పోరిని చదువుకోనీ. ఇయ్యలేదా, బస్సు బంద్. ఇంట్ల కండెలు చుట్టెటోళ్లు లేక నా నాడె ఖాళీగ కూసుంటున్నది."

నాన్న ఔననలేదు, కాదనలేదు. మా ఇంట్లో దాన్ని ఔననే లెక్కేస్తారు. దసరా తర్వాత మొదలయ్యే రెండో విడత చదువు ఆ జానెడు గుడ్డకు వేలాడుతూ ఉండిపోయింది.

వనపర్తిలో అత్త ఇంటి కిటికీ దగ్గర కూర్చుని నాలుగు సాయంత్రాలు సూది మొనతో పోగులు లెక్కపెట్టాను. లేచిన పోగుకు గళ్ల నోటుబుక్కులో ఒక ఇంటూ గుర్తు, లేవని దానికి ఖాళీ గడి, ఎలుక కొరికినచోట ప్రశ్నార్థకం. మొత్తం నాలుగు వందల పన్నెండు ప్రశ్నార్థకాలు తేలాయి. తర్వాత అదంతా యంత్రంలోకి ఎక్కించి, ప్రోగ్రామ్ రాశాను. దాని సారం ఇది: కొరికిన గడి చుట్టూ ఏముందో చూడు, సరిగ్గా అలాంటి చుట్టుపక్కలే అంచులో ఇంకెక్కడున్నాయో మొత్తం వెతుకు, అక్కడ ఏముంటే ఇక్కడ అది పెట్టు.

సార్ చదివి సంబరపడ్డాడు. "గిదేనమ్మా ఆలోచన అంటే! గిది మొదటి మెట్టు," అని అందరినీ పిలిచి చూపించాడు. నేను తల వంచుకుని నిలబడ్డాను గాని, ఆ రోజు మెట్లు దిగబోతే నా చెప్పులు ఎక్కడ విడిచానో గుర్తు రాలేదు.

మధ్యాహ్నం అందరూ తిండికి వెళ్లినప్పుడు పన్నెండు నుంచి యంత్రం నాది. రోజూ రెండింటికి కరెంటు పోతుంది. మొదటి గడి నిండడానికి నలభై నిమిషాలు పట్టింది. ఆకుపచ్చ ప్రశ్నార్థకం ఒక్కసారి మిణికి ఇంటూ అయింది. నేను తప్ప ఎవరూ చూడలేదు. ఇంకో నలభై నిమిషాలకు రెండోది. మూడోది కూడా నిండగానే తెర నడుమకు ముడుచుకుని, ఒక చుక్కై, ఆరిపోయింది. నిండిన గళ్లను డిస్కులో దాచుకోవాలని అప్పటికి నాకు తెలియదు. ఆ మూడూ పోయాయి.

నోటుబుక్కు వెనక పేజీలో లెక్క వేశాను. నూట ముప్పై ఏడు మధ్యాహ్నాలకు పైనే కావాలి. దసరాకు ఉన్నవి పదహారు రోజులు.

"జర ఓపిక పట్టమ్మా," అన్నాడు సార్. "కొత్త చిప్పు మిషన్‌కు చెప్పి పెట్టిన. గది వస్తే గీ పని ఒక్క దినంల అయితది."

"ఎప్పుడొస్తది సార్?"

"వస్తది. ఎండాకాలం లోపల వస్తది."

ఆ సాయంత్రం అత్త చాటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతోంది. ఆమె నాన్నకు అక్క. పెళ్లయ్యేదాకా నాయనమ్మ పక్కనే కూర్చుని నేసింది.

"ఏంది పోరీ, పొద్దటి సద్ది డబ్బాలనే ఉన్నది?"

చెప్పాను. చిన్నాయన పెట్టిన పందెం, నూట ముప్పై ఏడు మధ్యాహ్నాలు, అన్నీ చెప్పాను. అత్త చేయి కొంగుకు తుడుచుకుని నోటుబుక్కు అందుకుంది. ఆమె చదివింది మూడో తరగతి. గళ్ల మీద వేలు పెట్టి కింది నుంచి పైకి మెల్లగా పోనిచ్చింది. సగంలో వేలు ఆగింది.

"గీడికి పువ్వు నడుమకు వచ్చింది. గీడ మల్లుతది గదా?"

"ఆ, మల్లుతది."

"మల్లినంక కొత్తగ ఏముంటది? వచ్చిన తొవ్వలనే వాపస్ పోవుడు. గీ పక్క ఎలుక కొరికితే, గంతే దూరం ఆ పక్కకు పోయి చూస్తె కనపడ్తది. నీ మిషన్ ఊరంత ఎందుకు తిరుగుతున్నది?"

"దానికి తెల్వదు అత్తా," అన్నాను.

"ఎవలు చెప్పాలె దానికి?"

"నేనే."

అత్త నవ్విన నవ్వుకు చాటలో బియ్యం సగం కింద పడ్డాయి. "నేసెటోళ్ల బిడ్డవేనా నువ్వు? దుకాణంల చీర కొననీకి వచ్చినదాని లెక్క చెప్పినవ్ పో మిషన్‌కు!"

మా అంచులకు సగం డిజైన్‌కే అట్టలు కొడతారు. పువ్వు నడుమకు రాగానే అట్టల దండను వెనక్కి తిప్పుతారు. మిగతా సగం అద్దంలో బొమ్మలా దానంతట అదే వస్తుంది. ఈ సంగతి నాకు తెలియదా? ఊయలలో ఉన్నప్పటి నుంచి ఆ దండ ముందుకు, వెనక్కి తిరిగే చప్పుడు వింటూ పెరిగాను. ఇంట్లో అందరికీ తెలిసిన సంగతి కాబట్టి ఎవరూ ఎవరికీ చెప్పరు. నేనూ చెప్పలేదు. పైగా ఆలోచన చేస్తుందని విన్నాను, ఆలోచన చేసేవాళ్లకు ఇంత మామూలు సంగతి చెప్పాలా అనుకున్నట్టున్నాను. అసలు అది అప్పుడే తట్టి ఉంటే, పెన్సిల్ పుచ్చుకుని నేనే చేత్తో నింపేసేదాన్ని. ఆ ఉపాయం కూడా అన్నీ అయ్యాకే తట్టింది.

మర్నాడు ప్రోగ్రామ్‌లో చాలా వరసలు కొట్టేశాను. మిగిలినవి ఎనిమిదో తొమ్మిదో. మీట నొక్కి, కుర్చీలో వెనక్కి జరిగి సర్దుకునేలోపు ప్రశ్నార్థకాలు పిట్టలు లేచిపోయినట్టు లేచిపోయాయి.

సార్ తిండి నుంచి వచ్చి తెర ముందు వంగాడు. చాలాసేపు చూశాడు.

"చిప్పు గదే గదా?" అన్నాడు చివరికి.

"గదే సార్."

"మరి ఇంత తొందరగ ఎట్లైంది?"

"మా అత్త చెప్పింది సార్."

"మీ అత్తమ్మ ఏం చదివింది?"

"మూడో తరగతి."

సార్ అగ్గిపెట్టె తీసి ఒకసారి తెరిచి చూసి, మళ్లీ జేబులో వేసుకున్నాడు.

అన్నీ నిండలేదు. పద్నాలుగు మిగిలాయి. పువ్వు నడుమకు అటు ఏడు, ఇటు ఏడు. చీర మడతలో ఉండగా ఎలుక కొరికింది కాబట్టి ఆ ఏడు చోట్ల రెండు వైపులూ పోయాయి. చూసుకోవడానికి అవతలి పక్క లేదు. అవి తప్ప మొత్తం అంచును ప్రింటర్ కరకరమంటూ పొడుగాటి కాగితం మీద కొట్టింది. శనివారం దాన్ని చుట్టగా చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. ఎవరి చేయీ తగలకుండా బీచుపల్లి దాకా ఊపిరి బిగబట్టినట్టే కూర్చున్నాను.

నాన్న ముందు చూసింది కాగితం రెండు అంచుల వెంబడి ఉన్న కంతల వరుస. "గీ కాగితం గూడ అట్టల దండ లెక్కనే ఉన్నదే!" అని వేలితో తడిమాడు. చిన్నాయన నేరుగా ప్రశ్నార్థకాలే వెతికాడు.

"సగం అంచుకు ఏడు తక్కువ. ఓడిపోయింది అన్నా నీ బిడ్డ మిషన్."

నాన్న కాగితం తీసుకుని మగ్గం గుంటలోకి దిగాడు. నేస్తున్న చీర మీద పరిచి, పాదాలు తొక్కుడు చెక్కల మీద పెట్టుకుని, చెవి మీది పెన్సిల్ తీశాడు. కాసేపు కాళ్లు మాత్రమే కదిలాయి. తర్వాత పెన్సిల్ దిగింది. ఒకటి, ఇంకొకటి. ఎక్కడో ఆగి, రబ్బరు ఇమ్మని నా వైపు చేయి చాపాడు. ఇచ్చాను. ఏడూ అయ్యాక కాగితం ఎత్తి పట్టుకున్నాడు.

"మరి గిది మిషన్ చేసినట్టా, నువ్వు చేసినట్టా?" అన్నాడు చిన్నాయన.

"నాలుగు వందలకు రెండు తక్కువ అది చేసింది. ఏడు నేను చేసిన. నువ్వెన్ని చేసినవ్ తమ్మీ?"

చిన్నాయన తన మగ్గం దగ్గరికి పోయాడు. నాన్న నన్ను చూడకుండానే, "సోమారం బస్సు ఎన్నింటికి బిడ్డా?" అన్నాడు.

"ఆరున్నరకు."

"జర జల్ది లేవు. పోయిన వారం తప్పిపోయేటట్టు చేసినవ్."

ఆ దసరాకు మగ్గానికీ పూజ, వనపర్తిలో యంత్రాలకూ పూజ. తెర మీద పెట్టిన కుంకుమ రాలి మీటల సందుల్లో పడుతుందేమోనని సార్ చేతిలో బ్రష్ పట్టుకుని నిలబడ్డాడు. గద్వాలలో నాయనమ్మ అంచు మగ్గమెక్కింది. నా రెండో విడత మొదలైంది.

నాన్నకు ఆ ఏడు గళ్లు ఎలా తెలిశాయన్నది మాత్రం నన్ను వదల్లేదు. అడగవచ్చు. అడగలేదు, యంత్రాన్ని అడిగాను. కొట్టేసిన నా మొదటి ప్రోగ్రామ్‌ను, ఊరంతా తిరిగేదాన్ని, మళ్లీ రాసి ఈసారి ఆ ఏడు గళ్లకే నడిపించాను. మూడు మధ్యాహ్నాలు పట్టింది. నాన్న గ్రాఫుతో పోల్చి చూస్తే ఐదు కలిశాయి, రెండు కలవలేదు. ఐదు కలిసినందుకు ఎక్కువ ఆశ్చర్యపడాలో, రెండు కలవనందుకు ఆశ్చర్యపడాలో తెలియలేదు. "నాన్న కూడా చుట్టుపక్కల చూసే చెప్పాడా? ఆయన కాళ్లు ఎక్కడ వెతికాయి?" అని డైరీలో ఉంది.

సార్ మాట తప్పలేదు. ఎండాకాలంలో కొత్త యంత్రం వచ్చింది. మొదట ఏం నడిపిద్దామని అడిగితే నేను డిస్కు తీసిచ్చాను. మూడు మధ్యాహ్నాల పని, సార్ కింది హోటల్ నుంచి టీ తెచ్చుకునేలోపు అయిపోయింది.

ఆయన గ్లాసు పట్టుకుని గుమ్మంలోనే ఆగాడు. "అయిందా? ఎన్ని కలిసినయి?"

"ఐదే సార్. ముందటివే."

"అయ్యో," అన్నాడు. చిప్పు తరఫున ఆయనే సిగ్గుపడినట్టున్నాడు.

కాని నేను లేవలేదు. ఒక ప్రశ్నకు మూడు మధ్యాహ్నాలు పోయే రోజుల్లో, పొరపాటుగా అడిగితే ఎలాగని భయపడి ఒకే తీరుగా అడిగాను. ఇప్పుడు టీ చల్లారేలోపు జవాబు వస్తోంది. చుట్టూ ఉన్న గళ్లను ఇంకాస్త దూరం చూడమన్నాను. పైవరుసకు ఎక్కువ విలువ ఇవ్వమన్నాను. పువ్వు దగ్గర ఒకలా, తీగ దగ్గర ఇంకోలా వెతకమన్నాను. కరెంటు పోయేదాకా పన్నెండు రకాలుగా అడిగాను. మనుషులను ఒక్క మాట అడగలేని నేను, అక్కడ చిన్నపిల్లలా అడుగుతూనే ఉన్నాను. ఆరో గడి కలిసింది. ఏడోది పన్నెండు సార్లూ కలవలేదు. అక్కడ పోగు లేస్తుందని నాన్న గీశాడు, లేవదని యంత్రం అంటోంది.

అప్పుడు, అట్టలు కొట్టాక నోటుబుక్కులో దాచుకున్న నాన్న గ్రాఫు విప్పి, ఆ గడిని కిటికీ వెలుతురుకు పట్టి చూశాను. మిగతా ఆరింటి దగ్గరా కాగితం బిగువుగానే ఉంది. ఈ ఒక్కచోట రబ్బరు రాపిడికి పలచబడి, కింద చెరిపేసిన గీత నీడలా కనిపిస్తోంది.

శనివారం ఇంటికి రాగానే సంచి దించకముందే మగ్గం దగ్గరికి వెళ్లాను. మగ్గం మీద ఆ అంచుతో ఇంకో చీర నడుస్తోంది.

"నాయనా, గీ గడి ఎందుకు తుడిచినవ్?"

నాన్న పోగుల నడుమ పరుగెత్తే నాడె ఆపాడు. కాగితం చూసి, తర్వాత నన్ను చూశాడు.

"రెండు సార్లు తుడిచిన. గదొక్కటి నాకు గూడ అనుమానమే ఉండె. లేస్తదో లేవదో."

"మరి చెప్పకపోతివి?"

"నువ్వు అడగకపోతివి." ఆ గడిని వేలితో చూపి, "నీ మిషన్ ఏమంటున్నది?" అన్నాడు.

"లేవదంటున్నది. పన్నెండు తీర్ల అడిగిన."

నాన్న తల ఎత్తి అట్టల దండను చూశాడు. "మీ అమ్మనడిగి జర గంజి తే," అన్నాడు.

గిన్నెలో తెచ్చాను. ఆ గడి ఉన్న వరుస అట్ట నా ముందుకు వచ్చేదాకా దండ తిప్పి, నన్ను పట్టుకోమన్నాడు. వేలిగోరంత కాగితం చింపి, గంజిలో అద్ది, ఇక అక్కడ పోగు లేవకుండా ఆ ఒక్క కంత మీద అంటించాడు. తడి ఆరేదాకా మగ్గం నడపకూడదు. ఇద్దరం ఆ చిన్న తెల్ల ముక్కను చూస్తూ కూర్చున్నాం.